చిల్లు పూడిన శ్రుతిపెట్టె

నేను ఒక శ్రుతిపెట్టెను. పాడటం రాదు, తాళం వెయ్యడం రాదు. నాకు తెలిసిందల్లా, తిత్తిలోకి గాలి రాగానే ఒక స్వరాన్ని పట్టుకుని కదలకుండా కూర్చోవడం. ఎంతటి విద్వాంసుడైనా గొంతు విప్పే ముందు నా మాట వినాల్సిందే. విన్నాక నన్ను మర్చిపోతాడు, అది వేరే సంగతి. కచేరీ అయ్యాక గాయకుడికి శాలువా, వయొలిన్ ఆయనకి శాలువా, మృదంగం ఆయనకి శాలువా, నాకు గుడ్డసంచి. అయినా నా గర్వం నాది. గదిలో ఎంతమంది ఉన్నా తప్పొప్పులు తేల్చేది నేనే కదా అని లోలోపల విర్రవీగేదాన్ని.

బొబ్బిలి దగ్గర వీణలు చెక్కే ఇంట్లో పుట్టాను. పనస మొద్దులోంచి వీణకు కావలసింది తీసుకున్నాక ఒక పక్క చెక్క మిగిలింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "పారెయ్యడానికి మనసొప్పట్లేదు, పెట్టైనా చేద్దాం" అన్నాడు చెక్కే ఆయన. అలా వీణ కాలేక పెట్టెనయ్యాను. మేకతోలుతో తిత్తి కుట్టారు, లోపల గాలికి పలికే సన్నటి ఇత్తడి నాలుకలు బిగించారు. మొదటిసారి గాలి ఆడించినప్పుడు నాలోంచి వచ్చిన నాదానికి నేనే ఉలిక్కిపడ్డాను. కలలో తన గొంతు తనకే వినిపిస్తే మనిషికి ఎలా ఉంటుందో అలా అనిపించింది. అప్పటినుంచీ నాకు మెలకువకీ కలకీ మధ్య ఉన్నది గాలి ఒక్కటే. తిత్తి ఆడితే మేలుకుంటాను, ఆగితే కలలోకి జారిపోతాను.

నన్ను మొదట కొనుక్కున్నది విజయనగరంలో నాదస్వరం వాయించే సన్యాసయ్యగారు. ఆయన నాదస్వరం వాయిస్తుంటే వెనక కూర్చుని నన్ను ఆడించేది ఆయన బావమరిది. మహానుభావుడు. మేళం మొదలైన కాసేపటికే నిద్రపోయేవాడు, చెయ్యి మాత్రం ఆడుతూనే ఉండేది. ఆయనా నేనూ కలిసి ఎన్ని పెళ్ళిళ్ళలో కలలు కన్నామో లెక్కలేదు. పెళ్ళిళ్ళలో మనుషులు సంగీతం వినరని నాకు అక్కడే తెలిసింది. ఒకరి గుసగుసలు ఇంకొకరికి వినబడకుండా ఉంటాయని మేళం పెట్టించుకుంటారు. తాళి కట్టే వేళ మాత్రం ఉన్నట్టుండి అందరూ మావైపు తిరిగి, గట్టిగా, ఇంకా గట్టిగా అని చేతులూపేవాళ్ళు. బావమరిది ఉలిక్కిపడి లేచేవాడు.

తర్వాత కరెంటు శ్రుతిపెట్టెలు వచ్చాయి. ప్లగ్గు పెడితే చాలు, అది కాఫీ అడగదు, కునుకు తియ్యదు. బావమరిదికీ నాకూ ఒకే రోజు సెలవిచ్చారు. సన్యాసయ్యగారు నన్ను తుడిచి, ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పే హైమవతిగారి చేతిలో పెట్టారు.

హైమవతిగారి గొంతు గురించి ఏం చెప్పను! నా స్వరం మీద వచ్చి వాలేది. వాలాక నేనెక్కడ ఆగానో, ఆవిడెక్కడ మొదలైందో నాకే తెలిసేది కాదు. రోజూ సాయంత్రం ముందుగదిలో చాప పరిచి పిల్లలకి పాఠం చెప్పేది. ఆ పిల్లల్లో ఆవిడ కూతురు నీలవేణి కూడా ఉండేది. అప్పటికి దానికి పదేళ్ళు. అది షడ్జం పట్టుకోబోతే స్వరం చేతికి దొరికినట్టే దొరికి జారిపోయేది. ఒక సాయంత్రం హైమవతిగారు విసిగిపోయి, అందరి ముందూ అనేసింది.

"నీకు శ్రుతి నిలవదే. నువ్వు పెట్టె ఆడించు, వాళ్ళు పాడతారు."

కోపంతో అన్న మాట కాదది. బియ్యంలో రాయి ఏరి పక్కన పెట్టినంత మామూలుగా అంది. నీలవేణి ఏడవలేదు కూడా. నన్ను ఒళ్ళోకి తీసుకుని, ఆ రోజు నుంచీ మిగతా పిల్లలకోసం ఆడించింది. మళ్ళీ నోరు విప్పి పాడలేదు. ఆడిస్తూ ఆడిస్తూ చెవిని నా పక్క చెక్కకి ఆనించేది. ఎవరైనా పిల్ల నా స్వరానికి దగ్గరగా వచ్చి కలవకుండా ఆగిపోతే, ఆ రెండింటి మధ్యా ఒక అల పుడుతుంది. వావ్ వావ్ వావ్ మని ఊగుతుంది. పిల్ల దగ్గరికి జరిగేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది, కలిసిపోగానే మాయమవుతుంది. హైమవతిగారికి ఆ అల వినబడితే ఒళ్ళు మండేది. నీలవేణి మాత్రం కళ్ళు మూసుకుని దానికోసమే ఎదురుచూసేది. దానికి అది తప్పని ఎవరూ చెప్పలేదు కాబోలు అనుకునేదాన్ని.

కొన్నేళ్ళకి హైమవతిగారికి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి ఢోకా లేదు కానీ, గొంతు రెండు పాయలైంది. మాటలకి పనికొస్తుంది, పాటకి పనికిరాదు. పిల్లలు రావడం మానేశారు, చాప చుట్టేశారు, నన్ను అటకెక్కించారు. అక్కడ నేను చాలాకాలం కలలోనే ఉన్నాను. ఆ కలలో ఎవరో నన్ను ముద్దుగా కొరుకుతున్నట్టుండేది. అవి ఎలకలని తర్వాత తెలిసింది.

నన్ను దింపింది నీలవేణే. అప్పటికి పెద్దదైంది. పొద్దున్నే బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి, అక్కడొక స్టూడియోలో పని చేసి వస్తోంది. ప్రకటనలకి చెప్పిన మాటల్లోంచి తడబాటు తీసెయ్యాలి, దగ్గు తీసెయ్యాలి, ఊపిరి చప్పుడు కూడా తీసేసి నున్నగా చేసివ్వాలి. పగలంతా ఇతరుల ఊపిరి తుడిచేసి ఇంటికొచ్చిన మనిషి, దుమ్ము దులిపి నన్ను తెరిచింది. తిత్తి మూల ఎలకలు కొరికిన చోట చిల్లు పడింది. ఆడించగానే స్వరంతో పాటు గాలి కూడా బయటికొచ్చేసింది. హుస్సుమని, ఆయాసపడే ముసలమ్మలా. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అది మాత్రం నా ముందు గొంతుక్కూర్చుని ఆనందంతో కళ్ళు పెద్దవి చేసుకుంది.

ఆ చిల్లుతోనే దాని మొదటి ఆల్బం తయారైంది. పేరు కూడా "చిల్లే". అందులో పాట లేదు, మాట లేదు, మనిషి గొంతన్నది లేదు. నా స్వరం, నా ఆయాసం, వాటిని కంప్యూటర్‌లో సాగదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మంచు దిగినట్టు దింపింది. ఇలాంటి వింత సంగీతాన్ని విడుదల చేసే చిన్న కంపెనీ ఒకటి బెంగుళూరులో ఉందట, వాళ్ళు తీసుకున్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో విన్నారు. ఆ హుస్సు వింటే చనిపోయిన తాతయ్య గుర్తొచ్చాడని ఒకరు, తుఫాను ముందటి సముద్రంలా ఉందని ఒకరు రాశారు. ఎలకల ప్రస్తావన మాత్రం ఎవరూ తేలేదు.

హైమవతిగారు కూడా విన్నది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, బుద్ధిగా కూర్చుంది. కాసేపయ్యాక ఒక చెవి ఖాళీ చేసి అడిగింది.

"శ్రుతి బాగానే కలిసిందే. పాట ఎప్పుడు మొదలవుతుంది?"

"ఇదే పాటమ్మా."

"ఓహో," అని ఇంకాసేపు కూర్చుని, "పొయ్యి మీద పప్పుంది," అంటూ లేచిపోయింది.

పాపం, ఆవిడ ఆ తర్వాత కూడా దాని గురించే ఆలోచించింది. కంపెనీ వాళ్ళు రెండో ఆల్బం అడిగారని తెలిశాక ఆవిడకి ఒక సంగతి స్పష్టంగా అర్థమైంది. పెట్టె ఆయాసపడుతోంది కాబట్టే పిల్ల పాట మొదలెట్టలేకపోతోంది. దాన్ని బాగుచేయిస్తే అప్పుడు పాట వస్తుంది. నీలవేణి పనిమీద హైదరాబాదు వెళ్ళగానే నన్ను సంచిలో పెట్టుకుని, గంటస్తంభం దగ్గర హార్మోనియాలు బాగుచేసే ఎర్నాయుడి కొట్టుకి బయల్దేరింది.

ఎర్నాయుడు నన్ను విప్పి నోరు నొక్కుకున్నాడు. "ఏటమ్మా ఇది, ఇన్నాళ్ళూ ఇలాగే వాయించేస్తన్నారా? తిత్తి ఎలకలు తినీసినాయి కదా."

"మా అమ్మాయి వాయిస్తుంది నాయనా. దానికి చెప్పకుండా తెచ్చాను. కొత్తదానిలా చేసిపెట్టు."

"మీరెల్లండి, సాయంత్రానికల్లా పెల్లికూతుర్ని సేసి ఒప్పజెప్తాను."

అన్నంత పనీ చేశాడు. మెత్తటి తోలు ముక్క అతికి చిల్లు పూడ్చాడు, నాలుకలు గీకి సరిచేశాడు, చెక్కకి పాలిష్ పట్టాడు. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. గాలి చుక్క కూడా వృథా కాకుండా స్వరం మళ్ళీ నిండుగా పలికింది. నీలవేణి వచ్చి చూస్తే ఎంత మురిసిపోతుందో అని దారంతా కలలు కన్నాను.

నీలవేణి వచ్చింది. హైమవతిగారు గుమ్మం దగ్గర నవ్వు ఆపుకుంటూ నిలబడింది. నీలవేణి నన్ను తెరిచి ఆడించింది, ఆపింది, మళ్ళీ ఆడించింది. తిత్తి మూల వేలు పెట్టి తడిమింది. దాని మొహంలో రక్తం దిగిపోవడం నాకు కనబడింది, తల్లికి వీపు కనబడింది.

"బావుందమ్మా," అంది.

అని మేడెక్కి, నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని చీకటి పడేదాకా కూర్చుంది. నేను నిండుగా, శుభ్రంగా, ఎందుకూ పనికిరాకుండా బల్ల మీద మెరుస్తూ ఉండిపోయాను. దాని పేరంతా ఆ చిల్లులో ఉందనీ, ఆ పేరు మీదే రెండో ఆల్బం ఒప్పుకుందనీ నాకు అప్పుడు బోధపడింది. ఆ హుస్సు లేకపోతే తన దగ్గర ఇంకేమీ లేదని అది భయపడుతోంది. ఆ సంగతి తల్లికి చెప్పడానికి మాత్రం దానికి మనసు రాలేదు.

ఆ తర్వాత చూడాలి దాని అవస్థ. సైకిల్ పంపుతో రికార్డు చేసింది. బెలూన్లలోంచి గాలి వదిలింది. కుక్కర్ కూత కోసం వంటింట్లో మైకు పెడితే హైమవతిగారు చప్పుడు కాకూడదని కదలకుండా నిలబడి అన్నం అడుగంటించింది. అన్నీ ఆయాసపడ్డాయి గానీ, అది నా ఆయాసం కాదు. కంపెనీ ఆయన ఫోన్ చేసి, "అలాంటిదే ఇంకోటి చాలండి, కొంచెం పొడుగ్గా," అని ఊరించేవాడు. ఒకరోజు నీలవేణి బ్లేడు తీసుకుని నా ముందు కూర్చుంది. తిత్తి మీద అంచు ఆనించింది. కాసేపటికి బ్లేడు పక్కన పెట్టేసి, "ఎలక పని నేనెలా చేస్తాను!" అని తనలో తనే నవ్వింది. ఆ నవ్వు ఏడుపుకి దగ్గరగా ఉంది.

ఒక మధ్యాహ్నం అది స్టూడియో నుంచి పెందలాడే వచ్చేసింది. ఇంట్లో హైమవతిగారు నా ముందు కూర్చుని ఉంది. ఇంత బాగుచేయించినా పిల్ల పాట మొదలెట్టకపోతే, పెట్టెలోనే ఇంకా ఏదో లోపముందేమో అని చూడ్డానికి కూర్చుంది. నన్ను ఆడించి, తలుపు దగ్గర ఎవరూ లేరనుకుని, ఆవిడ "స" అంది. అన్నేళ్ళ తర్వాత!

గొంతు కిందికి పడింది. పైకి లాగింది, మళ్ళీ జారింది. ఒకప్పుడు వచ్చి వాలే మనిషి ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. మా ఇద్దరి మధ్యా ఆ అల లేచింది. ఊగింది, నెమ్మదించింది, కలవబోయి మళ్ళీ ఊగింది. గదంతా ఆ ఊపులో తేలిపోయినట్టయింది. పట్టపగలు నేను కల కంటున్నానా అనుకున్నాను. నీలవేణి గుమ్మంలో సంచి కూడా దింపకుండా నిలబడిపోయింది.

హైమవతిగారు చూసి చప్పున తిత్తి మూసేసింది.

"అమ్మా, ఇంకోసారి అను. రికార్డు చేసుకుంటాను."

"ఏవిటే రికార్డు చేసేది? కాకి గొంతు."

"అది కాదమ్మా, నువ్వు శ్రుతి వెతుక్కుంటున్నావు చూడు, అదీ నాక్కావాలి."

"బావుంది. బాగా పాడినన్నాళ్ళూ నన్ను ఒక్కరూ రికార్డు చెయ్యలేదు, ఇప్పుడు నా తప్పు ఊరంతా వినాలా? నేనొప్పుకోను." ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నీలవేణి బతిమాలలేదు. కానీ మర్నాటి నుంచీ దాని నడకే మారింది. చిల్లు గురించి దిగులు పడటం మానేసి, నన్ను స్కూటర్ ముందు పెట్టుకుని ఊరు తిరగడం మొదలుపెట్టింది. కచేరీకి ముందు వాయిద్యాలు శ్రుతి చేసుకుంటారే, జనం అప్పుడు కుర్చీలు లాక్కుంటూ, కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. ఎవరూ వినని ఆ కాసేపే దానికి కావాలట. మృదంగం పరదేశి మాస్టారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఎడమ పక్క రవ్వముద్ద అంటించి, రాయితో అంచు కొట్టి, చెవి వంచి, మళ్ళీ కొట్టారు. "వాయించమంటావా?" అని అడిగితే, "వద్దు మాస్టారూ, ఇదే," అంది. ఆయన నావైపు జాలిగా చూశారు, పిల్లకి మతి చలించిందా అన్నట్టు. ఎర్నాయుడి కొట్లో ఇత్తడి నాలుక గీకిన చప్పుడు రికార్డు చేసింది. హైమవతిగారి పాత శిష్యురాళ్ళు అక్కచెల్లెళ్ళిద్దరు టైలరింగ్ షాపు నడుపుతున్నారు. కుట్టుమిషన్లు ఆపి, సిగ్గుపడి, నవ్వుకుని, నా స్వరం కోసం ఏళ్ళ తర్వాత తడుముకున్నారు. "పాడకండి, అందుకోండి చాలు," అనేది అందరితో. అందుకునేవరకే రికార్డు చేసి, అందగానే ఆపేసేది.

నాకు మొదట్లో చిన్నతనంగా ఉండేది. పెళ్ళిళ్ళలో అయినా తప్పులు దాచడానికే మేమంతా కష్టపడేవాళ్ళం. ఇదేమో తప్పులనే మూటగట్టుకుంటోంది. కానీ సాయంత్రాలు అది వాటిని ఒకదానిలోకి ఒకటి కలుపుతూ వినిపిస్తుంటే, ఊరు ఊరంతా పొగమంచులో నడుచుకుంటూ నా దగ్గరికి వస్తున్నట్టుండేది. ఇంతమంది నాకోసం ఇంత ప్రేమగా వెతుకుతారని నాకేనాడూ తెలియదు. "చిల్లు"లో నీలవేణి ఒక్కతే ఉంది, అది కూడా దాక్కుని ఉంది. ఇందులో మనుషులున్నారు.

ఇంతమంది ఉన్నా, మధ్యలో ఒక చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆ చోటు ఎవరిదో నీలవేణికి తెలుసు. ఎన్నోసార్లు మైకు ముందు కూర్చుని, నోరు తెరిచి, మూసుకుని లేచిపోవడం చూశాను. అందరి తప్పులూ అడిగి మరీ తీసుకుంది గానీ, తన తప్పు తను వినలేకపోతోంది.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంది. ముందుగదిలో, కింద, ఒకప్పుడు చాప పరిచే చోటే. మైకు పెట్టింది. నన్ను ఆడించింది. చాలాసేపు నేనొక్కదాన్నే మోగాను. తర్వాత అది నోరు తెరిచి "స" అంది.

దొరికీ దొరకని ఆ స్వరాన్ని నేను వెంటనే గుర్తుపట్టాను. ఇన్నేళ్ళలో గొంతు లావైంది గానీ జారడం మానలేదు. కిందికి జారింది, లాక్కొచ్చింది, మళ్ళీ జారింది. దాని కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఆపలేదు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. జీవితమంతా పాఠం చెప్పిన మనిషి, తప్పు స్వరం చెవిన పడితే పొయ్యి దగ్గరున్నా ఊరుకోలేదు. "పైకి. కొంచెం పైకి," అంటూ చెయ్యి ఎత్తి వచ్చింది. "అలాక్కాదే, ఇదిగో," అని అలవాటుగా తనే "స" అని చూపించబోయింది. చూపించలేకపోయింది. ఆవిడ గొంతూ అక్కడే ఆగింది, కూతురి పక్కనే, నాకు కొంచెం కింద. అప్పుడు మైకు కనబడింది. చెయ్యి గబుక్కున గొంతు మీదికి వెళ్ళింది.

నీలవేణి మైకు ఆపడానికి వంగింది.

"ఉండనీ," అంది హైమవతిగారు. ఎదురుగా నేల మీద కూర్చుని, కూతురి మొహంలోకి చూసింది. "ఆ రోజు నీ చేతికి పెట్టె ఇవ్వకుండా ఉండాల్సింది. నాకు తోచలేదు."

"నీకింకా గుర్తుందా?"

"నీ పాట ఆగిపోయిన రోజు నాకు గుర్తుండదా!" అని, ముక్కు చీదుకుని, "ఊఁ, ఊపిరి తీసుకో," అంది.

ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. నాకోసం వెతికారు. ఒకరు లేచినప్పుడు ఒకరు జారారు, ఒకరు జారినప్పుడు ఒకరు ఆగి ఎదురుచూశారు. అలా ఎదురుచూస్తూ, జరుగుతూ, ఎక్కడో నాకు వీసమంత కింద ఒకరి గొంతు ఒకరికి తగిలింది. తగిలి, అతుక్కుని, కదలకుండా నిలబడింది. రెండు గొంతుల మధ్య చిన్న అల కూడా లేదు. ఉన్న అలంతా వాళ్ళకీ నాకూ మధ్యే ఉంది.

హైమవతిగారు పాడుతూనే కనుబొమలు ముడిచి నావైపు చూసింది. ఊపిరి కోసం ఆగినప్పుడు, పరమ సీరియస్‌గా, "పెట్టె శ్రుతి తప్పినట్టుందే," అంది.

ఎర్నాయుడు నాలుక నాలుకా గీకి సరిచేసిన నేను! ఎంతమంది విద్వాంసుల్ని దిద్దిన నేను! నాకు రోషం రావాలి. రాలేదు.

"అవునమ్మా, పెట్టే తప్పింది," అంది నీలవేణి, నవ్వుతూ, ఏడుస్తూ. చెయ్యి చాచి నా తిత్తి మెల్లగా మూసేసింది.

వాళ్ళు పాడుతూనే ఉన్నారు. మామూలుగా తిత్తి మూసుకోగానే నేను కలలోకి జారిపోతాను. ఆ మధ్యాహ్నం ఎందుకో జారలేదు. నేను మోగకుండా, మేలుకుని, మనుషుల పాట వినడం నాకదే మొదటిసారి.